పత్తి యార్డు దాకా వచ్చిన చదువు

మంత్రాలయం, రాత్రి పదకొండు

తాతయ్యా,

ఫోనులో చెబితే నీకు సగం వినపడదు, మిగతా సగం అమ్మమ్మ తనకు నచ్చినట్టు మార్చి చెబుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చిన్నోడి చేత చదివించుకో. వాడు పేరాలు దాటేస్తున్నాడని అనుమానమొస్తే మళ్ళీ మొదటినుంచి చదివించు.

గుంతకల్లులో బండి మారాక కిటికీ పక్కన కూర్చున్నాను. అంతా నల్లరేగడి. పత్తి, కంది, మళ్ళీ పత్తి. మన నూజివీడు వైపు మామిడి తోటల నీడకి అలవాటుపడిన కంటికి ఈ బయలు కాసేపు భయం పుట్టించింది, తర్వాత నచ్చింది. మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగేసరికి బాగా చీకటిపడింది. అక్కడినుంచి మఠం పదిహేను కిలోమీటర్ల పైమాటే.

బయట ఒకే ఆటో ఉంది. నాతోపాటు హుబ్బళ్ళి వైపు నుంచి వచ్చిన కుటుంబం దిగింది: ఒక ముసలావిడ, ఆమె కొడుకు, కోడలు, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు. ఆటో అతను ఆరు వందలన్నాడు. కొడుకు మూడు వందలన్నాడు కన్నడంలో. "ఇంగ ఈ రాత్రికి యా బండీ రాదన్నా. ఎనక ఇంకో రైలుండాది, దానికుంటా నేను" అని ఆటో అతను సీటు మీద కాళ్ళు చాపుకున్నాడు. వాళ్ళిద్దరూ అరుచుకున్నారు. చిన్నపిల్ల లేచి ఏడ్చింది. ఆ ఏడుపుతో బేరం అక్కడే ఆగిపోయింది. ఆటో అతను కాసేపు కూర్చున్నా పోయేదేమీ లేదు, పిల్లల తల్లికి మాత్రం ప్రతి నిమిషమూ బరువే. 1982లో ఏరియల్ రూబిన్‌స్టీన్ అనే ఆయన గణితంలో నిరూపించింది ఇదే తాతయ్యా. బేరంలో ఎవరు ఎక్కువసేపు ఆగగలరో పెద్దవాటా వాళ్ళదే. అతనిది తప్పని నేననను. తెల్లారేదాకా స్టేషను ముందు కూర్చునేవాడికి ఆ ఎక్కువ డబ్బే రాబడి.

టీ తాగడానికి పోయిన ఇంకో ఆటో అతను అంతలోనే తిరిగొచ్చాడు. ఎవరూ ఏమీ అనకముందే రేటు నాలుగు వందలకి దిగింది. అందరం కలిసి వచ్చాం, ముసలావిడ దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది.

అమ్మ మొక్కు రేపు తీరుస్తాను. గొంతు గరగరలాడుతోంది, అమ్మతో అనకు.


మంత్రాలయం, మర్నాడు మధ్యాహ్నం

జ్వరం కాదు, జలుబే. పొద్దున తుంగభద్రలో స్నానం చేశాను, నీళ్ళు ఎముకలు కొరికాయి. రాఘవేంద్రస్వామి బృందావన దర్శనం బాగా అయింది. అమ్మ పేరున అర్చన చేయించాను, పరిమళ ప్రసాదం పొట్లం సంచిలో భద్రంగా ఉంది. 1671లో స్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసిన చోటు ఇది. అప్పట్లో ఊరి పేరు మంచాల. ఈ ఊరిని మఠానికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని అడిగిన ప్రతివాళ్ళూ చెబుతారు. 2009 వరదల్లో ఈ నది ఊరినే ముంచేసిందని విన్నాను, ఇవాళ చూస్తే బండల మధ్య పాయలుగా పారుతోంది.

భోజనశాలలో సారన్నం తిన్నాక ప్రాణం కుదుటపడింది. గదిలో దుప్పటి కప్పుకుని రాస్తున్నాను. నీ పాత ప్రశ్నకి జవాబు బాకీ ఉంది కదా: "కంప్యూటరు చదువుకీ బజారు బేరానికీ ఏం సంబంధమే?"

నా సంచిలో ఒక లావుపాటి పుస్తకం ఉంటుందే, చిన్నోడు తలకింద దిండు చేసుకునేది, దాన్ని రాసినాయన ప్రొఫెసర్ వై. నరహరి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కంప్యూటర్ సైన్స్ విభాగం. ఆయన చదువు నడిచిన దారి చెబితే నా జవాబు సులువవుతుంది. 1980లలో ఆయన పరిశోధన మొదలైంది ఫ్యాక్టరీల గురించి. తన గురువు ఎన్. విశ్వనాథం గారితో కలిసి 1992లో రాసిన పుస్తకం, యంత్రాలు తమంతట తాము నడిచే కర్మాగారాల లెక్కల మీద. ఏ యంత్రం ఎంతసేపు ఖాళీగా ఉంటుంది, సరుకు ఎక్కడ పేరుకుంటుంది, ఇవీ ప్రశ్నలు. యంత్రానికి మనసు లేదు, అడిగితే అబద్ధం చెప్పదు. తర్వాత ఆయన ఆ ఫ్యాక్టరీకి సరుకు అమ్మేవాళ్ళ వైపు తిరిగారు. అక్కడ మనుషులున్నారు. ప్రతివాడికీ తన ఖర్చు తనకే తెలుసు, దాన్ని నిజంగా చెప్పాలని ఎవరికీ ఉండదు. అప్పుడు వేలంపాటల మీద, ఎదుటివాడి ఎత్తుని బట్టి మన ఎత్తు ఎలా వెయ్యాలో లెక్కగట్టే గేమ్ థియరీ మీద పని మొదలైంది. 2014లో వచ్చిన ఈ లావు పుస్తకం ఆ పని ఫలితమే. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు పాఠాలు చెబుతున్నారు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో సుజిత్ గుజర్ వాళ్ళలో ఒకరు. ఇటీవలి ఏళ్ళలో నరహరి గారి బృందం పని రైతుల దాకా వచ్చింది. రైతులు సంఘంగా చేరి విత్తనాలు, ఎరువులు ఒక్కసారే కొంటే, అమ్మే కంపెనీల మధ్య పాట ఎలా పెట్టాలి? ఎక్కువ కొన్నకొద్దీ తగ్గే రేట్లని ఎలా పోల్చాలి? ఖర్చు తగ్గాలి, అమ్మేవాళ్ళలో ఒక్కడికే అంతా పోకూడదు, ఎవరూ తమ రేటు దాచుకోవాల్సిన పని ఉండకూడదు. ఇవన్నీ ఒకేసారి పూర్తిగా కుదరవు. ఎంతవరకు కుదురుతాయో వెతకడానికి కంప్యూటరుకి నేర్పించాలి.

ఇందులో కంప్యూటరు పని నిజంగా ఎక్కడుందంటే, రకరకాల సరుకుని కలిపి కొనేటప్పుడు. పది రకాల విత్తనాలుంటే వాటిని కలిపి 1,023 రకాల మూటలు కట్టొచ్చు. ఇరవై రకాలైతే పది లక్షల పైన. ప్రతి మూటకీ ప్రతివాడూ ఒక ధర చెబితే ఎవరికి ఏది ఇవ్వాలో తేల్చడం మనిషి బుర్రకి అందదు, కంప్యూటరుకీ తేలిక కాదు. 1999లో నోమ్ నిసాన్, అమీర్ రోనెన్ ఈ రెండు ప్రశ్నల్నీ ఒకచోట కట్టారు: మనుషులు నిజం చెప్పేలా పాట ఉండాలి, అది లెక్క కట్టగలిగే సమయంలో తేలాలి కూడా. నేను పనిచేసేది ఆ ముడి దగ్గరే.

కళ్ళు మండుతున్నాయి. పడుకుంటాను.


ఆదోని, సాయంత్రం

ముందు ఉగ్గాని సంగతి. అమ్మమ్మకి గట్టిగా వినిపించు. బొరుగుల్ని నీళ్ళలో ముంచి పిండేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, టమాటా, పసుపుతో తాలింపు పెట్టి అందులో కలుపుతారు. మీద పుట్నాలపప్పు పొడి, నిమ్మరసం. పక్కన మిరపకాయ బజ్జీలు. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో నిలబడి తిన్నాను. జలుబు పట్టిన ముక్కుకి మిరపకాయ ఘాటు మంచి మందైంది. ఇంకో ప్లేటు తిన్నాను. హోటలావిడ "యా ఊరు మా మీది? సన్నగుండావు, తిను" అని అడక్కుండానే ఇంకో బజ్జీ వేసింది. ఆ మాటకి ఇల్లు గుర్తొచ్చి కళ్ళు తడయ్యాయి. మన బొరుగులతో చేస్తే ఇలా వస్తుందో రాదో, వచ్చాక చేసి పెడతాను. అమ్మమ్మ వంకలు పెట్టకుండా తింటానని ముందే మాటివ్వాలి.

కోట దూరం నుంచే చూశాను. అసలు పని మార్కెట్ యార్డులో.

యార్డు నిండా పత్తి తాతయ్యా. ట్రాక్టర్ల మీద, బోరాల్లో, నేలమీద కుప్పలుగా. కాళ్ళకి, జుట్టుకి అంటుకుంటుంది, తుమ్ములు ఆగలేదు. వ్యాపారులు కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి లోపలి పత్తి లాగి చూస్తారు. పింజ సాగదీస్తారు, గింజ నొక్కుతారు, తేమ చూస్తారు. తర్వాత ఎవరి ధర వాళ్ళు ఫోనులో వేస్తారు. ఎక్కువ వేసినవాడిది సరుకు.

కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక రైతు తన కుప్ప పక్కనే కూర్చుని ఉన్నాడు, నీ వయసుంటుంది. ఊళ్ళోనే అమ్మొచ్చు కదా, ఇంత దూరం బాడుగ ఎందుకని అడిగాను. "ఊర్లో కొనేటోడు ఒకడేనమ్మా. వాడు చెప్పిందే రేటు. ఈడ పదిమంది చూస్తారు" అన్నాడు. నలుగురు కలిసి బాడుగ పంచుకుని వచ్చారట.

నాకు ఒళ్ళు జలదరించింది. 1996లో జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ ఒక వ్యాసం రాశారు. కొన్ని షరతుల మీద వాళ్ళు నిరూపించింది: అమ్మేవాడు ఎంత తెలివైన నియమం పెట్టినా, మామూలు పాటలో ఇంకొక్క కొనేవాడు అదనంగా వస్తే వచ్చే లాభానికి అది సరిరాదు. ఆ రుజువు అర్థం చేసుకోవడానికి నేను ఎంత కుస్తీ పట్టానో! ఆ రైతు దాన్ని బాడుగ కట్టి మరీ ఆచరిస్తున్నాడు.

నియమాలకి విలువ లేదని కాదు. 1961లో విలియం విక్రీ ఒక పాట ఆలోచించాడు. అందరూ కవర్లో ధర రాసి ఇస్తారు, ఎక్కువ రాసినవాడికే సరుకు, కానీ కట్టేది రెండోవాడు రాసిన ధర. అప్పుడు తన మనసులో ఉన్న విలువే రాయడం ప్రతివాడికీ మంచిది. తగ్గించి రాస్తే సరుకు పోవచ్చు, కట్టే డబ్బు మాత్రం తగ్గదు, ఎందుకంటే అది పక్కవాడి చేతిలో ఉంది. నిజం చెప్పినందుకు నష్టపోని బజారు ఒకటి కట్టొచ్చని చూపించినాయన ఆయన. 1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే చనిపోయాడు.

నదికి అవతల కర్ణాటకలో 2014 నుంచి మార్కెట్ యార్డుల్ని ఆన్‌లైన్లో కలిపారు. దాని ఫలితాన్ని పరిశోధకులు కొలిచి 2020లో ప్రచురించారు. వరి ధర 5.1 శాతం, వేరుశనగ 3.6, మొక్కజొన్న 3.5 శాతం పెరిగాయి. ఆ బృందంలో కొందరు అక్కడి ఒక పప్పుధాన్యాల బజారులో పాటని రెండు విడతలు చేసి చూశారు. మొదటి విడతలో ముందున్నవాళ్ళకి ధర పెంచుకోవడానికి ఇంకో అవకాశం. రైతుకి వచ్చే ధర పెరిగింది. దేశమంతటి యార్డుల్ని కలిపే ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ వచ్చింది 2016 ఏప్రిల్లో. యంత్రం వచ్చేసింది, పాట నియమాన్ని ఇంకా చెక్కాల్సి ఉంది. ఆ చెక్కే పని నాకు కావాలి.

మద్దతు ధర సంగతీ చూడు. 2025-26లో పొడుగు పింజకి క్వింటాలు 8,110 రూపాయలుగా పెట్టారు. పాటలో "ఇంతకి తక్కువైతే అమ్మను" అని గీసే గీత లాంటిది అది. కానీ పత్తిలో తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలు ఉండదు. వాన పడ్డ ఏడు ఆ గీత ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అందదు. ఆ రైతు పత్తి కొంచెం తడిసింది. పొద్దున్నుంచి ఎండబెడుతున్నాడు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, ఆయన ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. నాకూ మనసంతా మబ్బే పట్టింది. ఆఖరికి ఆయన పత్తి ఊళ్ళో చెప్పినదానికంటే నాలుగు వందలు ఎక్కువకి పోయింది. ఆయన నవ్వలేదు, లెక్క చూసుకున్నాడు.


ఎమ్మిగనూరు బస్టాండు

బస్సు ఆలస్యం. గొంతు గరగర తగ్గింది, ఎండ బాగుంది, మనసూ బాగుంది.

1938లో ఇక్కడ మాచాని సోమప్ప గారు నేతగాళ్ళని కూడగట్టి సహకార సంఘం పెట్టారు. ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నేతగాడు ఒక్కడే నూలు కొనబోతే వ్యాపారి చెప్పిందే ధర, సంఘంగా పోతే వ్యాపారే దిగి వస్తాడు. నరహరి గారి బృందం విత్తనాల పాటలో లెక్కగడుతున్నదీ ఈ బలాన్నే. మరి అలా కలిసి సంపాదించినదాన్ని ఎలా పంచుకోవాలి? 1953లో లాయిడ్ షాప్లీ ఒక లెక్క చెప్పాడు: మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరారనుకో, ఒక్కొక్కరి రాకతో రాబడి ఎంత పెరిగిందో చూడు, వచ్చే వరుసలన్నిటి మీదా దాని సగటు వాళ్ళ వాటా. రామసూరి నారాయణం అనే పరిశోధకుడు నరహరి గారితో కలిసి ఇదే లెక్కని పరిచయాల వలలో వాడారు. ఒక కొత్త సంగతిని ముందు ఎవరికి చెబితే ఎక్కువమందికి పాకుతుందో తేల్చడానికి. మన ఇంట్లో అయితే లెక్క అక్కర్లేదు, అమ్మమ్మకి చెబితే చాలు.

ఇక్కడ మగ్గం చప్పుడు వింటూ ఒక పెద్దాయన దగ్గర రెండు దుప్పట్లు కొన్నాను. ఒకటి నీకు. బేరం ఆడలేదు. అమ్మ అడిగితే ఆడాననే చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. కంపెనీ ఉద్యోగం సంగతి అమ్మ నీకు చెప్పే ఉంటుంది. ఇంటర్నెట్లో ప్రకటనల చోటుని వేలం వేసే పని. నేను చదివిన లెక్కలే, జీతం కూడా చాలా ఎక్కువ. ఆ పని చిన్నదని నేననను. కానీ ఆ వేలాల్ని చెక్కడానికి వేలమంది ఉన్నారు, ఆదోని యార్డుకి ఎవరూ రారు. నేను పరిశోధనలోనే ఉంటాను తాతయ్యా. పీహెచ్‌డీ అయ్యాక ఎక్కడైనా పాఠాలు చెబుతూ ఈ పనే చేస్తాను. అమ్మకి నువ్వే చెప్పాలి, నీ మాట కాదనదు. అన్నం తిన్నాక చెప్పు, ముందు చెప్పకు.

ఇంకొకటి. తోటకి పూత రాగానే ప్రతి ఏడూ ఒకే షావుకారుకి గుత్తకిచ్చేస్తావు, అలవాటైన మనిషని. ఈసారి నేను వచ్చేదాకా కాగితం మీద సంతకం పెట్టకు. విజయవాడ నుంచి ఒకరిని, ఏలూరు నుంచి ఒకరిని పిలిపించు, వచ్చి తోట చూసుకోనీ. పాతాయన్నీ రమ్మను, ఆయన మంచివాడే. ముగ్గురికీ కవర్లు నేను తెస్తాను. ఏ పద్ధతిలో తెరవాలో ఆలోచిస్తున్నాను, నీకేమైనా తడితే చిన్నోడి చేత రాయించు.

బస్సు వచ్చింది.

నీ మనవరాలు