కత్తి కాంతారావు నేర్పిన తెలుగు

నాకు కత్తియుద్ధాల సినిమాలంటే పిచ్చి. అట్టతో చేసిన కోట, దూదితో చేసిన మేఘం, కొండంత రాక్షసుడు, వాడి నెత్తిమీదికి ఎగిరి దూకే రాకుమారుడు ఉంటే చాలు, కథకి తలాతోకా లేకపోయినా నాకు ఫరవాలేదు. డెబ్బయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి ఇలా చెప్పుకోవచ్చునా అని మా ఆవిడ అంటుంది. కాని నా విషయంలో ఇది వట్టి సరదా కాదు. నాకు వచ్చిన ఈ నాలుగు తెలుగు ముక్కలూ ఆ సినిమాల పుణ్యమే.

మాది నాందేడ్. నేను పుట్టిన 1956లోనే హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. అంతవరకు మా జిల్లాలో ఉన్న ముధోల్ తాలూకా, దాంతోపాటు బాసర సరస్వతి, ఆదిలాబాదులోకి వెళ్ళిపోయాయి. మేము బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాము. "చదువుల తల్లి అటు, మనం ఇటు" అని మా నాన్న నవ్వుతూ అనేవాడు. బడిలో మరాఠీ, బజార్లో ఉర్దూ, ఇంట్లో ఆ రెండూ కలిసిన తెలుగు. ఇంటిపేరు చివర 'వార్' తగిలించుకున్న మాలాంటివాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు.

అక్షరాలు నాకు 'చందమామ' నేర్పింది. పక్కింటి మరాఠీ స్నేహితుడికి 'చాందోబా' వచ్చేది. నిజామాబాదు నుంచి మా మేనత్త పాత చందమామలు పంపేది. రెండింట్లోనూ బొమ్మలు ఒకటే. శంకర్ గీసిన విక్రమార్కుడు అదే కత్తి పట్టుకుని, అదే శవాన్ని భుజాన వేసుకుని, రెండు భాషల్లోనూ మౌనంగానే నడిచేవాడు. ఒకే కథ రెండింట్లో దొరికినప్పుడు పక్కపక్కన పెట్టుకుని, బొమ్మల సాయంతో కూడబలుక్కుంటూ చదివాను.

మాట మాత్రం విఠలాచార్య నేర్పాడు. వేసవి సెలవుల్లో నిజామాబాదు వెళ్తే మా బావలు సినిమాకి తీసుకుపోయేవారు. 'గురువును మించిన శిష్యుడు', 'జ్వాలాద్వీప రహస్యం' అలా చూసినవే. కాంతారావు కత్తి తిప్పుతుంటే నేను కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. నటుడు కాల్షీటు ఎగ్గొడితే విఠలాచార్య వాణ్ణి జంతువుగా మార్చేసి షూటింగు కానిచ్చేవాడని చెప్పుకునేవారు. ఆ మహానుభావుడు పుట్టింది ఉడుపి దగ్గర, కన్నడసీమలో అని చాలాకాలానికి తెలిసింది. తెలుగు నేలకి వెలుపల పుట్టినవాడే నాకు తెలుగు చెప్పాడన్నమాట.

అయితే ఆ తెలుగుతో ఒక చిక్కు వచ్చింది. పన్నెండో ఏట మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర వడ్డిస్తున్న పెద్దాయనతో, "ఆర్యా, దాహముతో నా కంఠము ఎండిపోవుచున్నది" అన్నాను. పంక్తి పంక్తంతా గొల్లుమంది. ఆ పెళ్ళి అయ్యేదాకా పిల్లలు నన్ను 'మాంత్రికుడా' అనే పిలిచారు. నీళ్ళు అడగటానికి మా ఇంట్లో మాట లేక కాదు. 'పానీ' కలిసిన ఆ మాట అక్కడ పలకటానికి సిగ్గేసి, సినిమాలో విన్నదే అసలు తెలుగనుకున్నాను. తరువాత చాలా ఏళ్ళు చుట్టాల ముందు నోరు విప్పలేదు. పెళ్ళయి కూతురు పుట్టాక దానితో మరాఠీయే మాట్లాడాను. ఆ తప్పు నాదే.

దాని ఫలితం మా మనవడు అనుభవించాడు. వాడు తెలుగు సినిమాలన్నీ హిందీలో చూస్తూ పెరిగాడు. తొడ కొడితే రైలు వెనక్కి పోయే 'పల్నాటి బ్రహ్మనాయుడు' (2003) ముక్క ఫోనులో చూపించి పడిపడి నవ్వేవాడు. వాళ్ళు మన భాషవాళ్ళేరా అంటే నమ్మినట్టు కనబడేవాడు కాదు. వాడి అసలు పిచ్చి అనిమే అనే జపాను బొమ్మల సినిమాలు. 2025లో ఇంజనీరింగు చదవటానికి హైదరాబాదు వెళ్ళాడు. నెల తిరక్కుండా ఫోను చేశాడు. ఇంటిపేరు మనది, తెలుగు రాదేమిటని హాస్టల్లో నవ్వుతున్నారట. చదువు మానేసి వచ్చేస్తానన్నాడు.

రైలెక్కాను. ధర్మాబాదు, బాసర, గోదావరి వంతెన, నిజామాబాదు, అన్నీ నా వేసవి సెలవుల దారే. వాడికేం చెప్పాలో దారిపొడుగునా తోచలేదు. అప్పుడే, సెప్టెంబరు 12న, 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' విడుదలైంది. జపనీసు, హిందీలతోపాటు తెలుగులోనూ వచ్చింది. వాడు జపనీసు ఆట అడిగాడు. నేను తెలుగు ఆటకి టిక్కెట్లు కొన్నాను.

చూస్తే ఏముంది, మన జానపదమే! బొగ్గులమ్ముకునే కుర్రాడు తంజిరో. ఒక రాక్షసుడు వాడి ఇంటిల్లిపాదినీ చంపి, మిగిలిన ఒక్క చెల్లెల్నీ రాక్షసిగా మార్చేశాడు. ప్రత్యేకమైన కత్తితో తల తెగితేనో, ఎండ తగిలితేనో తప్ప ఆ రాక్షసులు సాధారణంగా చావరు. మన మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టే. ఒకతె వీణలాంటి వాద్యం మీటితే కోటలో గదులు తలకిందులవుతాయి. వీరులు తమ దెబ్బకున్న పేరు మంత్రంలా గట్టిగా చెప్పి మరీ కొడతారు. అయితే చివరికి రాక్షసుడికి తాను మనిషిగా ఉన్నప్పటి కష్టాలు గుర్తొస్తాయి. అక్కడ నేను కళ్ళు తుడుచుకున్నాను. విఠలాచార్య మాంత్రికుడి కోసం ఎన్నడూ ఏడ్చిన గుర్తు లేదు.

మనవాళ్ళ దెబ్బలూ అక్కడివాళ్ళకి నచ్చుతాయి. 2022 అక్టోబరులో జపానులో విడుదలైన 'ఆర్.ఆర్.ఆర్.' అక్కడ 'ముత్తు' పేరిట 1998 నుంచి ఉన్న వసూళ్ళ రికార్డును దాటింది. అతిగా ఉందని పెద్దలు ఈసడించేదే సముద్రం దాటి పోతోంది.

విరామంలో మనవడు, "ఆజోబా, నాకు అర్థమవుతోంది" అన్నాడు మరాఠీలో. ఆ కథ పుస్తకంగా వచ్చినప్పుడే వాడు చదివేశాడు. ఎవరెప్పుడు ఏమంటారో తెలుసు. తెలిసిన బొమ్మ మీద తెలియని మాట వచ్చి వాలుతోంది. నాకు చాందోబా, చందమామ గుర్తొచ్చాయి.

బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతూ, పెళ్ళిలో నీళ్ళడిగిన కథ చెప్పాను. అంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడు నవ్వి నవ్వి, "మళ్ళీ ఎప్పుడు మాట్లాడావు?" అనడిగాడు. నా దగ్గర మంచి జవాబు లేదు. "నువ్వు అంతకాలం ఆగకు" అన్నాను, తెలుగులోనే.

వాడు చదువు మానలేదు. పది రోజులకి ఫోను వచ్చింది.

"తాతా, భోంచేశావా? చెయ్యలేదో, నిన్ను ప్రాణాలతో వదలను!"

వెనక హాస్టలు కుర్రాళ్ళు నవ్వుతున్నారు. వాడూ నవ్వుతున్నాడు. నేనేమీ దిద్దలేదు.

"చేశాను, వీరాధివీరా" అన్నాను.