నా ముక్కు చేసుకున్న పుణ్యం

ఇంత చిన్న ఆకులో ఇంత పరిమళమా! ఇటలీలో జెనోవా నగరం, మెర్కాటో ఓరియెంటాలే మార్కెట్. కూరగాయల వరసలోకి తిరగ్గానే ముందు వాసన తగిలింది, ఆకు కనబడింది ఆ తర్వాతే. వేళ్లతో సహా పీకి, కాగితం చుట్టి, పూలగుత్తుల్లా పేర్చిన లేత బేసిల్! ఒక ఆకు తుంచి నలిపాను. ముందు లవంగం, దాని వెనకే సన్నటి తీపి, ఆపైన పచ్చిదనం. మన తులసికి దగ్గర చుట్టమే గానీ ఆ ఘాటు లేదు. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఈ జాతి మొక్కవే! గింజతో మనకెంతో చనువు, ఆకేమో ఇంత కొత్త.

ఊరి శివార్లలో, ప్రా దగ్గర గ్రీన్‌హౌసుల్లో పండేదానికి ఇక్కడ మహా పేరు. జెనోవా బేసిల్‌కి 2005లో ఐరోపా వాళ్ల డీఓపీ గుర్తింపు, అంటే పండిన ప్రాంతం పేరుకి రక్షణ, కూడా వచ్చింది. కొనేటప్పుడు చిన్న ఆకులు, లేత రంగు, కాస్త ఉబ్బెత్తుగా ఉన్నవి చూసుకోవాలి. నల్లమచ్చలున్నా, పూత వేసినా వదిలేయడమే.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. పది పన్నెండు డిగ్రీలకన్నా చల్లబడితే పాపం నల్లబడిపోతుంది. గ్లాసుడు నీళ్లలో కాడలు మునిగేలా నిలబెట్టి, ఎండ తగలకుండా వంటింట్లో ఉంచి, నీళ్లు మారుస్తుంటే చాలు. కొన్నాళ్లకు కాడకి తెల్లటి వేళ్లు కూడా వస్తాయి, కుండీలో నాటుకోవచ్చు!

ఇక ఈ ఆకుతో నూరే పచ్చడి, పెస్టో. పాలరాతి రోలు, చెక్క రోకలి. ముందు వెల్లుల్లి, పైన్ గింజలు, తర్వాత ఆకులు, రాళ్లుప్పు. దంచరు! రోకలిని రోలు గోడకి ఆనించి గుండ్రంగా తిప్పుతూ మెల్లగా నూరుతారు. పార్మిజానో, పెకోరినో చీజ్‌లు తురిమి, ఆలివ్ నూనె పోసి కలుపుతారు. పొయ్యి మీద పెట్టే పనే లేదు, వేడికి ఆ పరిమళం ఎగిరిపోతుంది. అందుకే టమాటా సాస్‌లో ఆకు వేసినా మంట ఆర్పేశాకే వేయాలి.

అక్కడి హోటల్లో త్రెనెత్తె అనే పాస్తాతోపాటు బంగాళదుంప ముక్కలు, బీన్సు ఒకే గిన్నెలో ఉడికించి, వార్చిన నీళ్లు గరిటెడు పోసి పెస్టో పలచన చేసి కలిపారు. వేడి దుంప అంచులు కరిగి ఆ పచ్చదనాన్ని పీల్చుకున్నాయి. అబ్బ, ఏం రుచి! ప్లేటుకి అంటుకున్నది రొట్టెముక్కతో తుడుచుకు తిని, ఇంకో ప్లేటు చెప్పాను.