నల్ల బీరు రుచి

తాగుడు గురించి మన రచయితలు రాసినప్పుడు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, తాగుడు కష్టజీవి కొంప ఎలా ముంచుతుందో చూపించటం. రెండోది, తాగుడును కవి విలాసంగా, తిరుగుబాటుగా కీర్తించటం. మొదటిదానిలో నిజం వుంది. రెండోదానిలో చాలాభాగం వేషం. ఐతే ఆ పానీయాన్ని ఎవరు తయారుచేస్తారు, ఎలా చేస్తారు, నాలుకమీద అది ఎలా వుంటుంది అనే ప్రశ్నలకు రెండింటిలోనూ చోటు లేదు. తిండిగింజల గురించీ, కట్టుబట్టల గురించీ మనం ఈ ప్రశ్నలన్నీ వేస్తాం. పానీయం గురించి వెయ్యకపోవటానికి నాకు కారణం కనిపించదు. అందుకే నేను రుచి చూసిన ఒక బీరునూ, ఆ రుచి వెనక వున్న చరిత్రనూ ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

జర్మనీలో తురింగియా ప్రాంతంలో, గేరా పట్టణానికి చేరువలో, బాద్ క్యోస్త్రిత్స్ అనే చిన్న వూరు వుంది. అక్కడి బ్రూవరీ తన పుట్టుకను 1543 నాటిదిగా చెప్పుకుంటుంది. అక్కడ తయారయ్యే బీరు పేరు ష్వార్ట్స్‌బియర్. అంటే నల్ల బీరే. దాన్ని నేను గేరాలో ఒక మామూలు భోజనశాలలో, సాయంకాలం పని ముగించుకుని వచ్చినవాళ్ళ మధ్య కూర్చుని తాగాను.

గ్లాసులో చూస్తే అచ్చంగా చిక్కటి కాఫీ డికాషన్. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో దానిమ్మగింజ ఎరుపు మెరుస్తుంది. పైన లేత గోధుమరంగు నురగ. వాసన బాగా కాలిన రొట్టె పైపెచ్చుది; దాని వెనక వేయించిన శనగల వాసన. ఇంత నల్లగా వున్నది పాకంలాగా బరువుగా వుంటుందని ఎవరైనా అనుకోవచ్చు. కాని నోట్లో అది పలచనగా, తేలిగ్గా వుంటుంది. మొదట కొద్దిపాటి తీపి, వెంటనే చక్కెర వెయ్యని కాఫీలాంటి చేదు, చివర హాప్ పువ్వుల చేదు. మింగాక నోరు శుభ్రంగా వుంటుంది. రాగిసంకటి అడుగున దోరగా మాడిన పొరను గీకి తిన్నవాళ్ళకు ఆ మొదటి గుక్క పరాయిగా అనిపించదు. దానిలో సారం నూటికి 4.8 పాళ్ళు. మామూలు పచ్చబీరుకూ దీనికీ మత్తులో పెద్ద తేడా లేదన్నమాట. తేడా అంతా గింజను కాల్చటంలో వుంది.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్టు అవుతుంది. మన ఇళ్ళలో రాగులను మొలకకట్టి, ఆరబెట్టి, వేయించి పిండికొట్టేవాళ్ళకు ఈ పని కొత్తది కాదు. తక్కువ వేడిమీద ఆరబెడితే మాల్టు లేతరంగులో వుంటుంది. వేడి పెంచితే గోధుమరంగు. కాఫీగింజల్లాగా వేయిస్తే నలుపు. ఆ నల్ల మాల్టు కొంచెం కలిపితే చాలు, బీరంతా నల్లబడుతుంది. ఇక ఆ శుభ్రమైన ముగింపు చల్లదనం వల్ల వస్తుంది. తొట్టి అడుగున చేరే ఒకరకం ఈస్టు సుమారు 10 డిగ్రీల చలిలో నెమ్మదిగా పనిచేస్తుంది. తర్వాత బీరును గడ్డకట్టటానికి కాస్త పైన వుండే చలిలో వారాలతరబడి నిలవపెడతారు. లాగర్ అన్న మాటకు మూలం ఈ నిలవపెట్టటమే.

నా బల్లదగ్గర కూర్చున్న ముసలాయన ఒకప్పుడు ఆ ప్రాంతంలోనే వేరే చిన్న బ్రూవరీలో పనిచేశాడు. నేలమీద పరిచిన మొలకగింజలను కొన్ని గంటలకొకసారి కొయ్యపారతో తిరగెయ్యాలట. రాత్రి ఐనా లేచి తిరగెయ్యాల్సిందే. లేకపోతే వేళ్ళు పెనవేసుకుని, వేడెక్కి, కుప్ప చెడిపోతుంది. "మీరు బాగుందంటున్న ఆ రొట్టె వాసన మా నడుములదండీ," అన్నాడు నవ్వుతూ. ఆ సంస్థ 1990 తర్వాత మూతపడింది.

ఇలాంటి బీరును సంప్రదాయం పేరుతో అమ్ముతారు. ఐతే ఆ సంప్రదాయంలో ఎంత భాగం పాతది? మాల్టును ఇనపపీపాలో తిప్పుతూ నల్లగా వేయించే పద్ధతికి 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ పేటెంటు పొందాడు. 1833లో మ్యూనిక్ నుంచి గాబ్రియేల్ జేడల్‌మాయర్, వియన్నా నుంచి ఆంటోన్ డ్రెహర్ బ్రిటనుకు వెళ్ళి, అక్కడి బ్రూవరీల్లో నమూనాలను బోలు చేతికర్రలో రహస్యంగా నింపుకుని పరీక్షించారు. బవేరియాలో 1553 నుంచి వేసవిలో బీరు కాయరాదని ప్రభువు ఆజ్ఞ వుండేది. ఎండాకాలంలో సరుకు చెడేది. 1870లలో కార్ల్ ఫన్ లిండే శీతలయంత్రం మ్యూనిక్ బ్రూవరీలోకి వచ్చాక ఏడాది పొడుగునా చలి చేతికొచ్చింది. 1883లో కోపెన్‌హేగన్‌లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ శుద్ధమైన ఈస్టును వేరుచేశాడు. కాబట్టి నేను తాగినదానిలో పల్లెటూరి పూర్వీకులు ఎంతవున్నారో పందొమ్మిదో శతాబ్దపు యంత్రపరిశ్రమ అంతకన్న ఎక్కువే వుంది. సీసామీది పాత తేదీ ఈ సంగతి చెప్పదు. ఆ బ్రూవరీ తూర్పు జర్మనీ కాలంలో ప్రజల ఆస్తిగా వుండి, 1991లో పశ్చిమాన వున్న బిట్‌బుర్గర్ చేతికి పోయిందన్న సంగతీ చెప్పదు. సంప్రదాయం అమ్ముడుపోయే సరుకైనప్పుడు దానిలోంచి చరిత్రను తీసెయ్యటం వ్యాపారానికి అవసరం.

కార్మికోద్యమం బీరును చిన్నవిషయంగా చూడలేదు. 1844లో బవేరియా రాజు బీరు ధర పెంచితే మ్యూనిక్ ప్రజలు అల్లర్లు చేశారు, రాజు వెనక్కు తగ్గాడు. ఎంగెల్స్ ఆ సంఘటనను ఇంగ్లండులోని నార్తర్న్ స్టార్ పత్రికలో రాస్తూ, బీరు దగ్గర పాలకులను బెదిరించగలిగిన ప్రజలు ఇంకా పెద్ద విషయాల్లోనూ బెదిరించటం నేర్చుకుంటారనే అర్థం తీశాడు. 1878 నుంచి 1890 దాకా సోషలిస్టుల సభలు నిషేధంలో వుండేవి. 1891లో కౌట్‌స్కీ మద్యపానం గురించి రాస్తూ, కార్మికుడు స్వేచ్ఛగా కలుసుకోగల చోటు బీరుశాల ఒక్కటేనన్నాడు. 1894లో బెర్లిన్‌లో మేడేనాడు పని మానిన పీపాల పనివారిని తీసేస్తే, కార్మికులు ఆ యజమానుల బీరు ముట్టకుండా నెలలతరబడి నిలబడ్డారు. 1909లో లైప్‌జిగ్ మహాసభలో సోషల్ డెమోక్రాట్లు సారాను బహిష్కరించారు. ఆ సారాబట్టీల లాభం భూస్వాములకు పోయేది. తాగటమూ మానటమూ రెండూ వాళ్ళకు సమష్టి నిర్ణయాలయినాయి.

ఇక్కడ మన పాఠకులు ఒక న్యాయమైన ఆక్షేపణ చెయ్యవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి ఆడవాళ్ళు సారా దుకాణాలను మూయించారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ చరిత్ర వున్నచోట బీరు రుచి గురించి మాట్లాడటం ఎవరికోసం? నా సమాధానం ఇది. ఆ ఆడవాళ్ళు రుచిని వ్యతిరేకించలేదు. ఆ సారాలో రుచి అనేదే లేదు. మగవాడి కూలీని సాయంత్రానికల్లా కాంట్రాక్టరుకూ ఖజానాకూ చేర్చే యంత్రం అది. అలిసిన ఒళ్ళు తన బాధ తెలియకుండా వుండటానికి తాగినప్పుడు నాలుకకు పని వుండదు. రుచి చూడాలంటే తీరిక కావాలి, కడుపు నిండి వుండాలి, ఇంట్లో మిగతావాళ్ళ కడుపులూ నిండి వుండాలి. గేరాలో నేనూ నా పక్కనున్న ముసలాయనా ఒక్కొక్క గ్లాసును గంటసేపు తాగగలగటం మా సంస్కారం కాదు. ఎనిమిది గంటల పనిదినంకోసం, పింఛనుకోసం ముందుతరాలు చేసిన పోరాటం అది.

మనకు తాటికల్లు వుంది, ఈతకల్లు వుంది. పొద్దున తియ్యగా దిగిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది. నిలవకు లొంగనిది కాబట్టే అది లాగర్‌లాగా దూరపు బజార్లకు పోలేదు, చెట్టు దగ్గరే వుండిపోయింది. ఏ చెట్టు ఎప్పుడు గియ్యాలో, ఎంత లోతు గియ్యాలో తెలిసిన గీతపనివాడి జ్ఞానం మాల్టు తిరగేసిన ఆ ముసలాయన జ్ఞానానికి తీసిపోదు. అతను చెట్టుమీదినుంచి పడి ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం మాత్రం అదనంగా వుంది. రుచి గురించి రాసేవాళ్ళు ఆ చెట్టుదాకా వెళ్ళి, అతని దగ్గర కూర్చుని, ఆ పనినీ ఆ ప్రమాదాన్నీ కూడా రాయాలి.