చేనుకు పేరుంది... నంబరేదీ?

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో చేలకూ పేర్లుంటాయి. వాగొడ్డు చేనులో మిరప, తుమ్మచెట్టు చెక్కలో పత్తి... రైతు చెప్పే ఆనవాళ్లివే. రికార్డుకు మాత్రం సర్వే నంబరు కావాలి. అడంగల్‌లో ఉండేది చేను లెక్క, 1-బిలో పట్టాదారు లెక్క. ఒకప్పుడు ఇదంతా కరణానికి తెలిస్తే సరిపోయేది. కాకపోతే ఆయన దయ ఉండాలి! 1984లో ఆ పదవి రద్దయింది.

2015లో ఆంధ్రప్రదేశ్‌లో 'మీభూమి' వెబ్‌సైట్ వచ్చింది. సర్వే నంబరు, ఖాతా నంబరు, ఆధార్, పట్టాదారు పేరు... వీటిలో ఏదో ఒకటి ఇచ్చి వెతుక్కునే వీలు కల్పించింది. లోపల సమాచారాన్ని ఎలా పేర్చారో తెలియకపోయినా ఫర్వాలేదు. ఇలా ఖాళీలు నింపి డేటాబేస్‌ను అడిగే పద్ధతిని 1970వ దశకంలోనే ఐబీఎంలో మోషే జ్లూఫ్ రూపొందించారు.

చిక్కల్లా పేరు దగ్గరే. ఒకచోట వెంకటేశ్వర్లు, మరోచోట వెంకటేశ్వరరావు అని ఉంటే కంప్యూటర్‌కు ఇద్దరూ వేర్వేరు మనుషులే. 'వివరాలు లేవు' అంటే ఆ అక్షరాలతో దొరకలేదని మాత్రమే. పంట రుణానికి కాగితం కావాల్సిన రైతుకు మాత్రం పొలమే పోయినంత గుబులు!

కరణమైతే 'ఏ వెంకటేశ్వర్లు? వాగొడ్డు చేను ఆయనేనా?' అని ఎదురడిగేవాడు. దగ్గరి పేర్లు చూపించి 'వీరిలో మీరెవరు?' అని అడగడం కంప్యూటర్‌కూ నేర్పాలి. అప్పుడే కరణం దయతో పనిలేకుండా రైతుకు తన లెక్క తనకు దక్కుతుంది.