కుడి పక్క గడి

మిషిగన్‌లో ఓ కమ్యూనిటీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ల కిందట మా ఊరి లైబ్రరీలో క్వాంటమ్ ఫిజిక్స్ గురించీ, ఇక్కడి ఆదిమ జాతుల జ్ఞానం గురించీ మాట్లాడాను. ఆ రోజు చేసిన తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

తెర మీద ఒక పట్టిక వేశాను. ఎడమ గడిలో ఎంటాంగిల్‌మెంట్, అంటే దూరంగా ఉన్నా కణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం; కుడి గడిలో 'అందరూ మా బంధువులే' అనే అర్థమొచ్చే లకోటా మాట. ఎడమ గడిలో కాలం, కుడి గడిలో హోపీ భాష గురించి ఎక్కడో చదివిన ముక్క. ఇంకో వరసలో బ్లాక్‌ఫుట్ వాళ్ల మాట. 'మేం నిన్న కనిపెట్టింది వీళ్లకు ఎప్పుడో తెలుసు' అని ముగించాను. జనం చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో ఒక పెద్దావిడ మాత్రం కొట్టలేదు. ఆవిడది పొటవాటమీ జాతి. తమ పిల్లలకు తమ భాష నేర్పుతారు. అందరూ వెళ్లాక తెర దగ్గరికి వచ్చి కుడి గడి మీద వేలు పెట్టారు.

"ఇవి మూడు వేరువేరు జాతుల మాటలు. వీటిలో ఒక్కటైనా ఆ భాష మాట్లాడే మనిషి నోట విన్నారా?"

లేదన్నాను.

"మా పెద్దలు చెప్పింది నిజమని తేలాలంటే మీ ఫిజిక్స్ సాక్ష్యం చెప్పాలా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

అమెరికా ప్రభుత్వం గుర్తించిన ఆదిమ జాతులే 570కి పైగా ఉన్నాయి. నన్నెవరైనా మదరాసీ అంటే నొచ్చుకునేవాణ్ణి. అలాంటిది, అన్ని జాతుల్నీ తెచ్చి ఒకే గడిలో కుక్కాను. పొగుడుతున్నాననుకుంటూనే వాళ్ల జ్ఞానాన్ని నా తూకపురాళ్లతో తూచాను.

ఎడమ గడికైనా న్యాయం చేశానా అంటే అదీ లేదు. 2022లో నోబెల్ అందుకున్న ఆస్పే, క్లౌజర్, జైలింగర్ల ప్రయోగాలు ఎంతో జాగ్రత్తగా పుట్టించిన ఫోటాన్ జంటల మీద జరిగాయి. చుట్టూ ఉన్నవి తగిలితే ఆ ముడి ఇట్టే చెదిరిపోతుంది. లోకమంతా చుట్టరికమే అని ఆ ప్రయోగాలు రుజువు చేయలేదు. నా విద్యార్థి అలా రాస్తే మార్కులు తీసేసేవాణ్ణే.

ఫిజిక్స్, ఆదిమ జాతుల జ్ఞానం అనే ఈ రెండు దారులూ నిజంగా ఎదురుపడిన చోటు మా రాష్ట్రంలోనే ఉందని తర్వాత తెలిసింది. 1992లో కలమజూలోని ఫెట్జర్ ఇన్‌స్టిట్యూట్‌లో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్, బ్లాక్‌ఫుట్ మేధావి లెరాయ్ లిటిల్ బేర్, మరికొందరు కూర్చుని మాట్లాడుకున్నారు. మా మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితో ఏళ్ల తరబడి సంభాషించిన బోమ్ ఈయనే. మన భాషలు లోకాన్ని వస్తువులుగా ముక్కలు చేస్తాయనీ, క్రియే ప్రధానమైన భాష కావాలనీ 1980లో వచ్చిన పుస్తకంలో రాశారు. కలమజూలో అలాంటి భాషలు పుట్టుకతో మాట్లాడేవాళ్లు ఆయన ఎదుట కూర్చున్నారు. ఆ ఏడాది అక్టోబరు 27న బోమ్ కన్నుమూశారు.

పొటవాటమీ రచయిత్రి, వృక్షశాస్త్రవేత్త రాబిన్ వాల్ కిమరర్ 2013లో వచ్చిన పుస్తకంలో చెప్పారు: తన భాషలో నూటికి డెబ్బై మాటలు క్రియలేనట. అఖాతం కూడా క్రియే. నీళ్లు ప్రస్తుతానికి ఈ ఒడ్ల మధ్య అఖాతమై ఉంటున్నాయి, రేపు మరోటి కావచ్చు.

అది చదివిన వారంలోనే ఒక వేకువన మదనపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అక్కడ ఇంకా తెల్లారలేదా నాయనా?" అంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వదల్లేదు. తెల్లారింది అంటాం. ఏది తెల్లారింది? కర్త లేదు, జరగడమే ఉంది. ఇంగ్లీషు ఆ చోట ఏమీ కాని ఒక 'ఇట్'ను తెచ్చి నిలబెడుతుంది. చిన్నప్పటి నుంచీ నా నోట్లో ఉన్న మాటను నేనే ఎన్నడూ వినలేదు.

కుడి గడి చెరిపేశాను. ఆ రోజు లైబ్రరీలో కలిసిన పెద్దావిడ అనుమతి అడిగి, బయటివాళ్లను కూడా రానిచ్చే ఆవిడ భాషా తరగతికి వెళ్తున్నాను. వెనక బెంచీలో కూర్చుని క్రియలు పలకడం నేర్చుకుంటున్నాను.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఒక్క మనవి. మీ ఇల్లున్న నేల ఏ జాతిదో కనుక్కోండి. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లు చెప్పదలిస్తే, ముందు వెళ్లి వినండి.