గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు

ఇంట్లోనే ఫోటోలు వేసుకోవడానికి ప్రింటర్ కొందామనుకుంటున్నారా? శుభం. టీ చల్లారేలోపు ఒక్క మాట చెప్పండి: నెలకి ఎన్ని ఫోటోలు వేస్తారు? "ఫోన్ నిండిపోయిందండీ" అనకండి. ఫోన్లో ఉన్నవి కావు, గోడకో ఆల్బంలోకో ఎక్కేవి. పండక్కి నాలుగు, పుట్టినరోజుకి నాలుగు అయితే ప్రింటర్ ఊసెత్తకండి, సందు చివర స్టూడియో ఉంది. అక్కడ ల్యాబ్‌లో తీయించే ఫోటో చాలావరకు ఇంకుది కాదు. వెలుతురు తగిలిన కాగితాన్ని మందుల్లో కడిగి తీసేది. దానికి ఇంట్లో పోటీ పెట్టాలంటే జేబు బరువుగా ఉండాలి.

లేదూ, వారంవారం వేస్తామంటారా? అయితే రండి, షాపుకెళదాం. లేజర్ వైపు చూడకండి. అది పొడిని కాగితం మీద కరిగించి అతికిస్తుంది. పిల్లల ప్రాజెక్టు కాగితాలకి భేషుగ్గా ఉంటుంది గానీ, బుగ్గల మీది నిగనిగ దానివల్ల కాదు. ఇంక్‌జెట్ గ్లాసీ కాగితం అందులో పెట్టారంటే పూత వేడికి కరిగి లోపల అంటుకున్నా అంటుకుంటుంది.

తర్వాత అన్నిటికన్నా చవగ్గా కనిపించే కార్ట్రిడ్జ్ ప్రింటర్లు. వీటి మాయలో పడొద్దు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారే, ఇక్కడ ఆ దాణా గుర్రం ధరనే మించిపోతుంది. రంగు కార్ట్రిడ్జ్‌లో ఉండేది కొద్ది మిల్లీలీటర్ల ఇంకు. ఫోటో అంటే కాగితం అంచు నుంచి అంచు దాకా ఇంకే కదా, ఎన్నాళ్ళొస్తుంది? ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కి మొదట కొంచెం ఎక్కువ పెట్టాలి గానీ, సీసాలో 65, 70 మిల్లీలీటర్లు వస్తుంది. ఎప్సన్, కెనాన్ రెండిటిలోనూ నాలుగు రంగుల ట్యాంకులు దొరుకుతాయి. మామూలు ఇంటికి నా ఓటు వాటికే.

"మరి ఆరు రంగులవి?" అనబోతున్నారు. ఎప్సన్ ఎల్8050 లాంటివాటిలో లేత నీలం, లేత గులాబీ అదనం. నాలుగు రంగుల్లో మొహం మీద వెలుతురు పడ్డ చోట చుక్కలు దూరదూరంగా పడి, దగ్గరగా చూస్తే సన్నని ఇసుక చల్లినట్టు ఉంటుంది. లేత ఇంకులు ఆ ఖాళీలు పూడుస్తాయి. ధర మాత్రం దాదాపు రెట్టింపు. ఫోటోల పిచ్చి ఉంటేనే ఆ వైపు వెళ్ళండి.

షాపువాడు చూపించే రంగురంగుల చిలకల ఫోటో చూసి తలూపకండి. చిలకలు ఏ ప్రింటర్లోనైనా బాగానే వస్తాయి. మీ ఇంటి పెళ్ళి ఫోటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. జడలో మల్లెపూలు రేకురేకుగా కనిపించాలి, తెల్లముద్ద కాకూడదు. నల్లజుట్టులో ఆకుపచ్చ ఛాయ తేలకూడదు. చామనఛాయ మొహం ఎర్రబడకూడదు.

చిన్న ఫోటోలు చాలనుకుంటే కెనాన్ సెల్ఫీ సీపీ1500 అని అరచేతికి కాస్త పెద్దదొకటుంది. దానికి ఇంకు లేదు, రంగు రిబ్బన్. పోస్ట్‌కార్డంత కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది. మనవరాలి ఫోటో అనుకోండి, మొదటిసారి పచ్చకామెర్లొచ్చినట్టు పచ్చగా వస్తుంది, గులాబీ పడ్డాక నారింజ, నీలంతో అచ్చం మనవరాలే, చివర్న పైపూత. తడి ఉండదు, అలానే ఆల్బంలో పెట్టేయొచ్చు. రిబ్బనూ కాగితమూ కలిపి అమ్ముతారు కనుక ఒక్కో ఫోటోకి ఎంతో ముందే తెలుస్తుంది. చవక కాదు, మోసమూ లేదు.

ఇంకుది ఏది కొన్నా కాగితం దగ్గర పీనాసితనం వద్దు. 200 జీఎస్‌ఎం పైన గ్లాసీ తెచ్చి, ప్రింట్ కొట్టేముందు సెట్టింగ్స్‌లో పేపర్ రకం మార్చండి. చాలామంది 'ప్లెయిన్ పేపర్' అనే వదిలేసి ప్రింటర్‌ని తిడతారు. ట్యాంకుదైతే వారానికోసారన్నా ఏదో ఒక రంగు పేజీ తీయండి. లేకపోతే హెడ్ ఎండి ఫోటోలో అడ్డగీతలు పడతాయి. ఆ హెడ్‌ని శుభ్రం చేయడానికి ప్రింటర్ తాగే ఇంకంతా లోపలి స్పాంజిపాలు. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకోకండి, డాక్యుమెంట్‌గా పంపమనండి. 4×6 అంగుళాలు స్పష్టంగా రావాలంటే 1200×1800 పిక్సెళ్ళు కావాలి.

అన్నట్టు, 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫోటోలు ఒక 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. ఈ సంగతి బంధువులకి తెలిస్తే అప్లికేషన్ల సీజన్లో మీ ఇంటి ముందు క్యూ. కాగితం మాత్రం వాళ్ళనే తెచ్చుకోమనండి.