చుట్ట: రుచి, నిగ్రహం

కొన్ని వస్తువుల చరిత్ర వాటి పేర్లలోనే ఇమిడి ఉంటుంది. ఆకును చుట్టితే చుట్ట. తమిళంలోనూ ఇదే తీరు. అక్కడి 'సురుట్టు' ఇంగ్లీషువారి నోట 'షెరూట్'గా మారి దేశదేశాలు తిరిగింది. పేరు మనదైనా పొగాకు మాత్రం మన నేల మొక్క కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసు నావలలో మన రేవులకు చేరింది. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అసద్ బేగ్ అనే రాజోద్యోగి బిజాపూరులో దానిని చూచి, ఒక వింత కానుకగా అక్బరు పాదుషా సముఖానికి తీసుకొనిపోయాడు. ఆస్థాన వైద్యులు అభ్యంతరం చెప్పారు, వాదోపవాదాలు జరిగాయి. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. నిషేధం నిలువలేదు, పొగాకు నిలిచింది.

తెలుగుదేశంలో చుట్టకు పుట్టినిల్లు గోదావరి లంకలు. వరద తీసిన తరువాత మిగిలే ఒండ్రుమట్టిలో పెరిగిన లంక పొగాకు చుట్టలకు పేరుపొందింది. దక్షిణాన తిరుచిరాపల్లి చుట్టల కీర్తి సముద్రాలు దాటింది. 1887లో వెలువడిన కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ నేలపై రాలిన బూడిదను చూచి, అది తిరుచిరాపల్లి చుట్టదేనని గుర్తుపట్టాడు. ఉత్తరాన లంకకూ దక్షిణాన తిరుచిరాపల్లికీ నడుమ ఉన్న మా చిత్తూరులో ఈ రెండింటి రుచీ ఎరిగిన పెద్దలు ఒకప్పుడు ఉండేవారు. వారిలో మా తాతగారు ఒకరు.

తాతగారు దర్జీ పని చేసేవారు. రోజుకు ఒక్కటే చుట్ట, అదీ చిటికెనవ్రేలంత చిన్నది, కాని మేలైనది. చేతికి రాగానే వెలిగించేవారు కారు. ముందుగా రెండు వ్రేళ్ళ నడుమ మెల్లగా అదిమి చూచేవారు. మరీ గట్టిగా ఉంటే పొగ రాదు. డొల్లగా ఉంటే త్వరగా కాలి నోరు మండిస్తుంది. పై ఆకు నునుపుగా, ఈనె తేలకుండా ఉండాలి. తరువాత వాసన. కోసిన ఆకును ఆరబెట్టి, గుట్టలుగా పేర్చి మాగవేస్తారు. గుట్టలో వేడి పుడుతుంది. వేళకు తిరగవేయకుంటే ఆకు చెడుతుంది. ఆ మాగుడులోనే పచ్చిఘాటు తగ్గి పరిమళం కుదురుకొంటుంది. బాగా మాగిన ఆకు బెల్లం కాచే చోటి తీపివాసనను తలపించాలని ఆయన అభిప్రాయం. బెల్లానికి పేరుపొందిన ఊరివారు గనుక ఆ ఉపమానం ఆయనకు సహజమే.

అగ్గిపుల్ల మంటకు కొసను తగిలించక, కొంచెం దూరాన త్రిప్పుతూ అంచంతా సమంగా రాజుకొనేలా చేసేవారు. నిమిషానికి ఒక్కసారి మించి పీల్చేవారు కారు. పొగను లోనికి దించక, నోటిలోనే క్షణకాలం నిలిపి విడిచేవారు. తొలి భాగం తేలిక, నడిమి భాగం నిండుదనం, చివరి మూడవ వంతు చేదు. ఆ చేదు తగలగానే చుట్టను పక్కన పెట్టేవారు. నలిపి ఆర్పేవారు కారు, అదే ఆరిపోయేది. "చేదు వచ్చినా వదలనివాడికి రుచి తెలియదురా" అనేవారు.

మేలైన చుట్టలు తెచ్చిపెట్టేది ఆయన మిత్రులు, బెల్లం మండీ నాయుడు గారు. వ్యాపారరీత్యా తమిళదేశం వెళ్ళి వచ్చినప్పుడల్లా రెండు పెట్టెలు తెచ్చేవారు, తమకొకటి, తాతగారికొకటి. తిరుమలలో పొగ త్రాగడం నిషిద్ధం. అలిపిరి తనిఖీలో దొరికిన చుట్టలనూ బీడీలనూ పైకి పోనివ్వరు. అందుచేత నాయుడు గారు బయలుదేరే ముందు మా ఇంటికి వచ్చి, "కొండకు పోతా ఉండా సాయిబూ, ఇవి నీ దగ్గర ఉండనీ" అని తమ పెట్టె అప్పగించేవారు. రంజాను నెల రాబోతుండగా తాతగారి పెట్టె మండీకి చేరేది. దానిని మోసుకొనిపోయే పని నాది. "పండగ దాకా నువ్వే చూడు నాయుడూ" అన్నది సందేశం. ఇఫ్తారు తరువాత త్రాగవచ్చు గదా అని ఎవరైనా అంటే, "రోజా నోటికి మాత్రమే కాదు" అని నవ్వేవారు. ఒకరి పెట్టెలోనుండి మరొకరు ఒక్క చుట్టయినా తీసినట్లు నేనెరుగను.

కొన్నేళ్ళకు నాయుడు గారి అంగిట పుండు లేచింది. మానలేదు. చికిత్సకు పోయే ముందు మొక్కు తీర్చుకోవడానికి కొండకు వెళుతూ, అలవాటు ప్రకారం పెట్టె ఇచ్చి వెళ్ళారు. తిరిగి అడుగలేదు. ఆరు నెలలకే కాలం చేశారు. తాతగారు ఆ తరువాత చుట్ట ముట్టలేదు. ఆ పెట్టెను మాత్రం అప్పుడప్పుడు తెరచి, ఒక చుట్ట తీసి వాసన చూచి, తిరిగి పెట్టి మూసేవారు.

పొగను గుండెలకు దించలేదు గనుక హాని లేదని ఆ తరం నమ్మింది. వైద్యశాస్త్రం వేరుగా చెబుతున్నది. చుట్ట పొగకు క్షారగుణం ఉంటుంది. అందలి నికొటిన్ నోటి పొరల గుండానే రక్తంలో చేరుతుంది. నోటిలో నిలిచిన పొగ నోటినే కాలుస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో నిప్పు కొసను నోటిలో పెట్టుకొని 'అడ్డపొగ' త్రాగే స్త్రీలలో అంగిటి కేన్సరు ఎక్కువగా కనబడినట్లు వైద్యులు పరిశోధించి తెలిపారు. ఎంత మేలైన ఆకైనా, ఎంత నిదానంగా త్రాగినా, రుచి ఎరిగినవాడని పొగ ఎవరినీ మన్నించదు.

విద్యార్థి మిత్రులారా! 'కన్యాశుల్కం'లో వెంకటేశం తన గురువు గిరీశం వద్ద చక్కగా నేర్చిన విద్య చుట్ట కాల్చడమే. అట్టి గురువులు నేటికీ కళాశాల వీధి మలుపులలో కనబడుతూనే ఉంటారు. విద్యాసంస్థలకు నూరు గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 చట్టం శాసించింది. చట్టం అంగడిని దూరంగా పెట్టగలదు. నిగ్రహాన్ని మాత్రం ఎవరికి వారే అలవరచుకోవాలి. తాతగారి వద్ద నేను నేర్చుకొన్నది పొగ త్రాగడం కాదు. ఒక వస్తువును చేతితో, ముక్కుతో, ఓపికతో పరీక్షించడం. చేదు మొదలుకాగానే విడిచిపెట్టడం. మిత్రుని నియమాన్ని తన నియమంగా కాపాడడం. ఈ మూడింటికీ నిప్పుతో పనిలేదు. మామిడిపండును ఎంచుకొనేటప్పుడూ, పుస్తకం చదివేటప్పుడూ, స్నేహం చేసేటప్పుడూ ఇవి నాకు అక్కరకు వస్తూనే ఉన్నాయి.